ఋణసంఖ్యయైన తెలుగక్షరము: సీ భాష మాక్రోలపై ఒక విమర్శ

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమయందు ఒకే ఊరి పేరు రెండు లిపులలో కనబడుట క్రొత్త విషయము కాదు. ఈ జిల్లా 1956వ సంవత్సరము వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండి, పిమ్మట మైసూరు రాష్ట్రమున జేరినది; ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. దేవదుర్గ తాలూకాలోని గబ్బూరు ఈ సీమలో ప్రాచీన దేవాలయములకును శాసనములకును పేరుగన్న గ్రామము. ఆ పేరును తెలుగున వ్రాసినను కన్నడమున వ్రాసినను గకారము, బకార ద్విత్వముపై ఊకారము, రకారముపై ఉకారము అనునవి మారవు. తలకట్టు తీరును వంపులును మాత్రమే వేఱు. ఒకే శాసనలిపి నుండి చీలిన రెండు లిపులకు ఇంతకంటె దగ్గఱ సాక్ష్యము అక్కఱలేదు. ఈ వ్యాసమున ఆ పేరే పరీక్షాపదముగా గ్రహింపబడినది. పరీక్షింపబడునది మాత్రము శాసనము కాదు, కంప్యూటరు యంత్రములకు ఆజ్ఞలు వ్రాయు సీ భాష.

సీ భాషను గూర్చి సాహిత్యసంచికలో విమర్శ యేలయని శంకింపవచ్చును. నేడు తెలుగు వ్రాత చాలవఱకు యంత్రముల మీదుగానే సాగుచున్నది. బడి హాజరుపట్టీ, గ్రంథాలయపు సూచిక, పింఛనుదారుల జాబితా మొదలైనవన్నియు ఏదో యొక ప్రోగ్రాము చేత చదువబడి, సరిచూడబడి, వరుసపెట్టబడుచున్నవి. ఆ ప్రోగ్రాములలో అనేకములకు పునాది సీ భాషయే. ఆ పునాదిలో తెలుగక్షరమునకు ఎట్టి స్థానము గలదో విచారించుట భాషాభిమానులకు పరాయి పని కాదు. ఆ భాషలోని మాక్రో యను ప్రక్రియయు, పూర్ణాంక పదోన్నతి యను నియమమును వేఱువేఱుగా జూచినపుడు నిర్దోషములుగానే తోచును. రెండును కలిసినచోట తెలుగక్షరము శూన్యముకంటె తక్కువ విలువగల ఋణసంఖ్యగా మారుచున్నది. ఆ మార్పు సడిలేక జరుగును. ఇంగ్లీషక్షరములకు ఎన్నడును జరుగదు.

ముందుగా అక్షరము యంత్రములో నిలుచు తీరు తెలియవలెను. యంత్రమునకు అక్షరము లేదు, సంఖ్య మాత్రమే కలదు. యూనీకోడ్ పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వఱకును, దాని వెంటనే కన్నడమునకు 3200 మొదలు 3327 వఱకును స్థానములు కేటాయింపబడినవి. పట్టికలోగూడ ఈ రెండు లిపులు ఇరుగుపొరుగులే. తెలుగు గకారము 3095, కన్నడ గకారము 3223. భేదము సరిగా 128. ఇట్టి పెద్ద సంఖ్యలను బైటులుగా విడదీసి నిలువజేయు పద్ధతి యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను వారు రూపొందించిరి. బైటు అనగా 0 మొదలు 255 వఱకు గల 256 విలువలలో నొకటి పట్టు గది. ఇంగ్లీషక్షరమునకు ఒక గది చాలును. అందలి సంఖ్య 127 దాటదు. తెలుగక్షరమునకును, గుణింతపు గుర్తునకును, పొల్లునకును తలకు మూడేసి గదులు కావలెను.

గబ్బూరు అను పేరులో యంత్రపు లెక్క ప్రకారము ఏడు గుర్తులు గలవు: గ, బ, పొల్లు, మరల బ, ఊకారపు గుర్తు, ర, ఉకారపు గుర్తు. అనగా 21 గదులు. గకారమునకు 224, 176, 151, బకారమునకు 224, 176, 172, పొల్లునకు 224, 177, 141, ఇట్లు సాగును. కన్నడమున అదే పేరు వ్రాసినచో ఆ 21 గదులలో 14 గదులు అక్షరాలా అవే. ప్రతి మూటిలోను నడిమి గది మాత్రము రెండు హెచ్చును: 176 ఉన్నచోట 178, 177 ఉన్నచోట 179. రెండు లిపుల భేదమంతయు ఆ నడిమి గదిలోని రెండంకెల తేడాలో ఇమిడియున్నది. ఈ విషయము మున్ముందు అవసరపడును. ఇప్పటికి గమనింపవలసినది యేమనగా, ఈ 21 సంఖ్యలలో ఒక్కటియు 128కి తక్కువ లేదు.

యూనీకోడ్ వ్యాపించుటకు ముందు భారతీయ లిపులకు వాడుకలోనున్న ఇస్కీ పద్ధతియు ఇట్టిదే. 1991లో భారతీయ ప్రమాణసంస్థ ప్రకటించిన ఆ ప్రమాణములో దేశలిపులన్నింటి గకారమునకు 181 అను ఒకే సంఖ్య. తెలుగో కన్నడమో తెలుపుట వేఱొక గుర్తు పని. అందును భారతీయాక్షరములు 128కి పైనున్న భాగమునందే యుంచబడినవి. క్రింది భాగము ఇంగ్లీషుదే. పద్ధతి యేదైనను మేడపై భాగమే తెలుగునకు దక్కినది. సీ భాషలో చిక్కు పుట్టునది సరిగా ఆ మేడ మీదనే.

ఇక మాక్రో యనగా నేమి? వ్యాకరణపు మాటలో జెప్పవలెనన్న అది ఒక ఆదేశము. ఒక పేరున్నచోట దానిని తొలగించి వేఱొక పాఠమును నిలుపుట. ఆగమము మిత్రునివలె ప్రక్కకు వచ్చి చేరుననియు, ఆదేశము శత్రువువలె ఉన్నదానిని త్రోసి కూర్చొనుననియు మన వైయాకరణులు చెప్పుదురు. మాక్రో ఆ రెండవ జాతికి జెందినది. కంపైలరు అను అనువాదయంత్రము ప్రోగ్రామును అర్థము చేసికొనుటకు ముందే, మాక్రో పేరున్న ప్రతిచోటను దాని పాఠము ప్రతిక్షేపింపబడును. ఈ దశలో సంఖ్య యేది, అక్షరమేది అను విచారము లేదు. పాఠము మాత్రమే కలదు.

కాని చిన్నయసూరి చెప్పిన ఆదేశమునకును సీ భాష ఆదేశమునకును ఒక మూలభేదమున్నది. తెలుగు వ్యాకరణమున ఏ ఆదేశమునకైనను నిమిత్తము చెప్పబడును. ప్రథమావిభక్తి మీది పరుషములకు గసడదవలు వచ్చునన్నపుడు, ముందున్నది ప్రథమయై యుండవలెను, తరువాతిది పరుషమై యుండవలెను. వాడు, కొట్టె అనునవి కలిసి వాడుగొట్టె యగును గాని, ద్వితీయ మీద ఆ కార్యము జరుగదు. సీ మాక్రోకు ఇట్టి నిమిత్తము వ్రాయుటకు చోటే లేదు. తన చేతికి వచ్చిన వస్తువు ఏ రకమునకు జెందినదో అది అడుగదు. అందఱెఱిగిన కుండలీకరణముల చిక్కుగూడ ఈ లోపము వలననే పుట్టినది. రెట్టింపు చేయు మాక్రోకు రెండును మూడును కూడిన మొత్తమును ఇచ్చినచో, కుండలీకరణములు వ్రాయని యెడల, పదికి బదులు ఏడో యెనిమిదో వచ్చి కూర్చొనును. ఆ చిక్కు పాఠ్యపుస్తకములలో చాలినంత చర్చింపబడినది. దానిని కంటితో చూచి పట్టవచ్చును. పదోన్నతి వలని చిక్కు కంటికి కనబడునది కాదు.

సీ భాషలో క్యార్ అను చిన్న రకమును, ఇంట్ అను పెద్ద రకమును గలవు. క్యార్ ఒక బైటు. ఇంట్ నేటి యంత్రములపై సాధారణముగా నాలుగు బైటులు. చిన్న రకపు వస్తువు ఏ కూడికలోనైనను, పోలికలోనైనను పాల్గొనవలెనన్న ముందుగా ఇంట్ గా మాఱవలెను. ఇదియే పూర్ణాంక పదోన్నతి. కచేరీలలో పదోన్నతి కలిగినవారికి జీతము పెరుగును. ఇక్కడ తెలుగక్షరము పదోన్నతి పొంది ఋణగ్రస్తమగుచున్నది!

కారణము చరిత్రలో గలదు. డెన్నిస్ రిచీ 1970 దశాబ్దపు ప్రారంభమున బెల్ ప్రయోగశాలలో సీ భాషను రూపొందించినపుడు ఎదుటనున్న యంత్రము పీడీపీ-11. ఆ యంత్రము ఒక బైటును పెద్ద గదిలోనికి తీసికొనునపుడు అందలి మొదటి బిట్టును ధనఋణముల గుర్తుగా భావించి పై గదులన్నింటను దానినే నింపెడిది. అనగా 127 వఱకు ఉన్న సంఖ్యలు యథాతథముగా నుండును. 128 మొదలైనవాటినుండి 256 తీసివేయబడును. ఇతర యంత్రములు ఇట్లు చేయలేదు. ఏ యంత్రమునకు ఏది సులువో ఆ విధముగా జేయనిచ్చుట ఆనాటి నిర్ణయము. 1978లో కెర్నిహన్, రిచీలు ప్రకటించిన గ్రంథమునందును, 1989లో అమెరికను ప్రమాణసంస్థ స్థిరపఱచిన ప్రమాణమునందును క్యార్ ఋణవిలువలను గ్రహించునా లేదా యనునది కంపైలరు రచయితల యిష్టమునకే విడువబడినది. నేడు ఇంటెల్ వంశపు యంత్రములపై వాడుకలోనున్న కంపైలర్లు ఋణము గలదిగాను, ఏఆర్ఎమ్ వంశపు యంత్రములపై లైనక్సు ఒడంబడిక ఋణము లేనిదిగాను భావించుచున్నవి. ఆపిల్ సంస్థ అదే ఏఆర్ఎమ్ వంశముపై ఋణము గలదిగానే యుంచినది.

ఇపుడు గబ్బూరులోని గకారమును పరీక్షకు బెట్టుదము. దాని మూడు గదులు 224, 176, 151. వీనినుండి 3095 అను యూనీకోడ్ సంఖ్యను రాబట్టవలెను. లెక్క సులభమైనది. మొదటి దానినుండి 224 తీసివేసి 4096 చేతను, రెండవ దానినుండి 128 తీసివేసి 64 చేతను గుణించి, మూడవ దానినుండి 128 తీసివేసి, మూటిని కూడవలెను. మొదటిది సున్న, రెండవది 48ని 64 చే గుణింపగా 3072, మూడవది 23. మొత్తము 3095. కాగితముపై తప్పులేదు. ఈ లెక్కనే మాక్రోగా వ్రాసి, కుండలీకరణములన్నియు చక్కగా బెట్టి, క్యార్ గదులను దానికి అప్పగించినచో ఇంటెల్ యంత్రముపై నేమగును? పదోన్నతి వలన 224 పోయి ఋణ 32, 176 పోయి ఋణ 80, 151 పోయి ఋణ 105 వచ్చును. మొదటి భాగము ఋణ 256ను 4096 చే గుణింపగా ఋణ 10,48,576. రెండవది ఋణ 208ని 64 చే గుణింపగా ఋణ 13,312. మూడవది ఋణ 233. మొత్తము ఋణ 10,62,121. మాక్రోలో ఒక్క అక్షరము తప్పు లేదు, వ్రాసినవాడు గణితము తప్పలేదు. అయినను 3095కు బదులు పది లక్షలు దాటిన ఋణము లభించినది.

ఆశ్చర్యమేమనగా, తీసివేతకు బదులు బిట్టులను కప్పివేయు పద్ధతిని అనుసరించి, మొదటి గదిలో చివరి నాలుగు బిట్టులను, తక్కిన వానిలో చివరి ఆఱేసి బిట్టులను మాత్రము గ్రహించినచో ఋణపు కల్మషము కడుగబడి 3095యే వచ్చును. పై బిట్టులలో జేరిన గుర్తులు ఆ కప్పు క్రింద మాయమగుటయే అందులకు కారణము. గణితమున సమానములైన రెండు మార్గములలో నొకటి తరించుచున్నది, ఒకటి మునుగుచున్నది. వాడుకలోనున్న యూటీఎఫ్-8 ప్రోగ్రాములలో అనేకములు కప్పివేత పద్ధతిని అనుసరించినవి గనుక ఈ దోషము అంతగా బయటపడలేదు.

బయటపడుచోటు వేఱొకటి కలదు. ఒక పేరు తెలుగున వ్రాయబడినదో కన్నడమున వ్రాయబడినదో తెలిసికొనుటకు మాక్రో వ్రాసిరనుకొందము. రాయచూరు వంటి సరిహద్దు సీమలో ఇట్టి అవసరము ఊహించుట కష్టము కాదు. ఏ భాషవారికి ఆ భాషలో పత్రము అచ్చొత్తవలెనన్నను ఇది కావలెను. నడిమి గది 176 గాని 177 గాని అయినచో తెలుగు, 178 గాని 179 గాని అయినచో కన్నడము. ఇంతకంటె సరళమైన పరీక్ష లేదు. కాని గదిలోని విలువ పదోన్నతి పొంది ఋణ 80గా మాఱినది. ప్రక్కనున్న 176 తొలినుండియు ఇంట్ గనుక మాఱలేదు. ఋణ 80 ఎన్నటికిని 176 కాజాలదు. పరీక్ష తెలుగునకు కాదనును, కన్నడమునకు కాదనును. గబ్బూరు ఏ భాషలో వ్రాసినను ఏ భాషయు కాకపోవును. అదే ప్రోగ్రాము లైనక్సు నడచు ఏఆర్ఎమ్ యంత్రముపై సరిగా నడచును. ఒక బల్లమీద తెలుగైనది ప్రక్క బల్లమీద తెలుగు కాకపోవుట లిపిదోషము కాదు, యంత్రదోషము కాదు. భాషానిర్మాతలు తీర్పు చెప్పక విడిచిన విషయము యొక్క ఫలము.

సీ భాష తనతో తెచ్చిన మాక్రోలును ఈ దోషమునకు దూరముగా లేవు. అక్షరము వర్ణమా, అంకెయా, ఖాళీయా యని అడుగు ఈజ్‌ఆల్ఫా మొదలైనవి ప్రసిద్ధములు. 1979 నాటి యూనిక్సు ఏడవ కూర్పులో ఇవి మాక్రోలు. ఒక పట్టికను ముందుంచుకొని, అక్షరపు సంఖ్యను వరుస సంఖ్యగా గైకొని, ఆ గడిలోని గుర్తును చూచి చెప్పును. పట్టికలో గడులు 129. ఇంగ్లీషునకు చాలిన 128, ఫైలు ముగిసినదని తెలుపు సంకేతమునకు ఒకటి. అక్కడ తెలుగు బైటు రెండు విధముల భ్రష్టమగును. ఋణము లేనిచో 224వ గడి కావలెను, పట్టిక అంతవఱకు లేదు. ఋణమున్నచో ఋణ 32వ గడి కావలెను; అది పట్టికకు ముందున్న స్థలము, అందేమున్నదో ఎవరికిని తెలియదు. పొరుగింటి చిట్టా విప్పి తన లెక్క చదివినట్లుండును.

తరువాతి వారు దీనిని ఎట్లు సవరించిరో చూచిన వారి వారి స్వభావములు తేటపడును. గ్నూ సీ లైబ్రరీ తన పట్టికను 384 గడులకు పెంచి, ఋణ 128 నుండి 255 వఱకు ఏ సంఖ్య వచ్చినను ప్రమాదము లేకుండ జేసినది. తప్పు చేసినవానిని కాపాడు ఉదారబుద్ధి. మైక్రోసాఫ్టు సంస్థ పరీక్షాదశలో వాడు తన లైబ్రరీలో హద్దు మీఱిన సంఖ్య రాగానే ప్రోగ్రామును ఆపి ఫిర్యాదు చేయునట్లు నియమించినది. ఇది బెత్తము పట్టిన గురువు తీరు. ఈ రెంటిలో రెండవదియే మేలని చెప్పవలెను. మొదటిదానివలన ప్రమాదము తప్పినది గాని అపరాధము తెలియకపోయినది. ఆ ప్రోగ్రామును మఱొక యంత్రముపైకి గొనిపోయిననాడు ప్రమాదము మరల తలయెత్తును.

ఈ మాక్రోలు క్యార్ ను గాక ఇంట్ ను ఏల కోరవలెను? సమాధానము పైన జెప్పిన ముగింపు సంకేతములో గలదు. ఫైలు ముగిసినదని తెలుపు సంకేతము ఋణసంఖ్య, సాధారణముగా ఋణ 1. అక్షరమునకును ఈ సంకేతమునకును ఒకే గది ఇచ్చుటకై గది పెద్దది చేయబడినది. అక్షరము 255 అయినచో ఋణ క్యార్ లో అదియు ఋణ 1 అగును గనుక, ఫైలు మధ్యనే ముగిసినట్లు భ్రమ కలుగును. పశ్చిమ ఐరోపా లిపుల పట్టికలో రెండు చుక్కలు గల వై అను అక్షరమునకు ఈ విపత్తు పట్టినది. యూటీఎఫ్-8లో 255 అను బైటు ఎన్నడును రాదు గనుక తెలుగు ఈ యొక్క గండము తప్పించుకొన్నది. అదృష్టమే గాని రక్షణ కాదు.

అన్నింటికంటె సూక్ష్మమైన అపకారము అకారాదిక్రమమునకు కలుగుచున్నది. దీనిని గూర్చి తెలుగువారు విశేషముగా ఆలోచింపదగును. రెండు పదములలో ఏది ముందో తెలియుటకు బైటులను వరుసగా తీసివేసి చూచుట తఱచుగా మాక్రోలలో చేయు పని. ఋణ క్యార్ తో ఇది చేసినచో తెలుగు బైటులలో వానిలో వానికి క్రమము చెడదు. అన్నింటికిని సమానముగా 256 తగ్గినది గనుక అకారము ముందే, హకారము వెనుకనే, తెలుగు తరువాతనే కన్నడము. అందుచేత పైపై పరీక్షలో దోషము కనబడదు. కాని పదము ముగిసినచోట సీ భాష సున్నను నిలుపును. రామ, రాముడు అను రెండు పదములను పోల్చుడు. రామ ముగిసినచోట సున్న; అదేచోట రాముడులో ఉకారపు గుర్తు మొదటి బైటు 224, ఋణమైనచో ఋణ 32. సున్న ఋణ 32 కంటె పెద్దది. కావున రాముడు ముందు వచ్చి రామ వెనుకబడును. పొట్టిపదము ముందు, దానిపై ప్రత్యయము చేరిన పొడవుపదము వెనుక అను నిఘంటుధర్మము తలక్రిందులైనది. ఇంటిపేరును అసలుపేరును విడదీయు ఖాళీకిని ఇదే గతి. దాని సంఖ్య 32, అదియు ఋణ 32 కంటె పెద్దదే. రామయ్య యనునది రామ రావు కంటె ముందునకు దూకును.

ప్రమాణములో చెప్పబడిన పదతులనా ప్రక్రియ బైటులను ఋణరహితములుగానే గ్రహింపవలెనని విధి గలదు. దాని ఫలము సరిగానే యుండును. అందుచేత ఒకే ప్రోగ్రాములో రెండు క్రమములు ఏర్పడు ప్రమాదమున్నది. జాబితాను వరుసపెట్టునపుడు ప్రమాణప్రక్రియ, వెదకునపుడు సొంత మాక్రో వాడినచో, సగము సగముగా విడగొట్టుచు వెదకు పద్ధతి దారి తప్పి, పట్టికలో నున్న పేరును లేదనును. హాజరుపట్టీలో పేరుండియు పిలుపు రాని బాలుని స్థితి యిది. ఇంగ్లీషు పేర్లతో వేయిమార్లు పరీక్షించినను ఈ దోషము బయటపడుటకు వీలులేదు.

ఇదే కుటుంబములోని మఱియొక చిక్కు ఎదురుదిక్కున నడచును. పట్టికలో ఎన్ని వరుసలున్నవో లెక్కించుటకు పట్టిక మొత్తము పరిమాణమును ఒక్క వరుస పరిమాణముచే భాగించు మాక్రో సర్వత్ర వాడుకలో నున్నది. నలుబది మంది విద్యార్థుల పట్టికకు అది 40 అను జవాబిచ్చును. కాని ఆ 40 ఋణరహితరకము. వెదకిన పేరు దొరకనిచో ఋణ 1 తెలుపు ఏర్పాటు ఉన్నదనుకొందము. ఋణ 1, నలుబదికంటె తక్కువయా యని అడిగినచో సీ భాష కాదనును. పోలికకు ముందు ఋణ 1 కూడ ఋణరహితముగా మాఱవలెను. 64 బిట్టుల యంత్రముపై అది 18446744073709551615 అగును. నిజమునకు దీనిని పదోన్నతి యనరాదు. సామాన్య గణిత పరివర్తనమని దీనికి వేఱు పేరున్నది. రెంటిని కలిపి చెప్పు అలవాటు పాఠ్యగ్రంథములలో గలదు గాని అది సరికాదు. మొదటిదానిలో ధనము ఋణమైనది. ఇక్కడ ఋణము పట్టరాని ధనమైనది. 40 అని స్వయముగా వ్రాసినచో ఈ చిక్కు లేదు. మాక్రో చాటున నున్న 40కి మాత్రమే ఈ స్వభావము. పేరు చూచి రకము తెలియకపోవుట మాక్రో యొక్క జన్మదోషము.

ప్రమాణనిర్మాతలకు న్యాయము చేయుట విమర్శధర్మము. 1989కి ముందు యూనిక్సు కంపైలర్లు ఋణరహితమైన చిన్న రకమును పదోన్నతిలో గూడ ఋణరహితముగానే నిలిపెడివి. ప్రమాణసంఘము దానిని మార్చి, విలువ చెడకుండ ఇంట్ గా మార్చు పద్ధతిని స్వీకరించినది. పాత ప్రోగ్రాములకు ఇది చప్పుడులేని మార్పని తన వివరణలో ఒప్పుకొన్నది. అక్షరముల విషయమున ఈ నిర్ణయము మేలే చేసినది. ఋణరహిత క్యార్ లో నున్న 176 నుండి 177 తీసివేసినచో క్రొత్త పద్ధతిలో ఋణ 1 వచ్చి, మొదటిది ముందని సరిగా తెలియును. పాత పద్ధతిలో నాలుగు వందల కోట్లు దాటిన సంఖ్య వచ్చి క్రమము చెడెడిది. అంతటి తెగువ జూపిన సంఘము క్యార్ యొక్క ఋణత్వమును మాత్రము తేల్చక విడిచినది. ఉన్న ప్రోగ్రాములు చెడునను భయము అందులకు కారణము కావచ్చును గాని, ఆ భయము మొదటి మార్పునకు అడ్డురాలేదు గదా!

సీ భాషను సమర్థించువారు చెప్పు మాట యొకటి గలదు. ఈజ్‌ఆల్ఫా మొదలైనవానికి 0 నుండి 255 వఱకు గల సంఖ్యయో, ముగింపు సంకేతమో మాత్రమే యీయవలెనని ప్రమాణము స్పష్టముగా జెప్పినది. ఋణరహిత క్యార్ గా మార్చి యిచ్చుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యత. వాదము శాస్త్రసమ్మతమే. కాని నియమోల్లంఘనము ఇంగ్లీషు వ్రాయువానికి ఎన్నడును దండన విధింపక, తెలుగు, కన్నడము, ఉర్దూ, రష్యను వ్రాయువారికి మాత్రమే దండన విధించు నియమమును నిష్పక్షపాతమని యెవరనగలరు? తప్పు చేసినవాడొకడు, ఫలము అనుభవించువాడొకడు. ప్రోగ్రాము వ్రాసినవాడు తన భాషలో పరీక్షించి తృప్తిపడును; దోషము వేఱొక ఊర, వేఱొక లిపిలో, అతనికి చదువరాని పేరులో బయటపడును.

పైగా ఆ మార్పు చేసి యిచ్చినను జవాబు సరియైనది కాదు. సీ భాష ప్రారంభస్థితిలో ఈజ్‌ఆల్ఫా ఔనను అక్షరములు 52 మాత్రమే. అవి ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి అక్షరములు. గబ్బూరులోని 21 బైటులలో ఒక్కొక్కదానిని అడిగినను వర్ణము కాదనియే చెప్పును. ఒక బైటు నిజముగా వర్ణము కాదు, మూడవ వంతు మాత్రమే. ప్రశ్నయే తప్పైనపుడు జవాబు ఒప్పగుట ఎట్లు? విశాలాక్షరములకై ప్రత్యేకప్రక్రియలు ప్రమాణమున పిమ్మట చేర్చబడినవి. అందును పొల్లు వర్ణమా, గుణింతపు గుర్తు వర్ణమా యను ప్రశ్న మిగిలియే యున్నది. అది పదోన్నతికి సంబంధించిన చర్చ కాదు.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా యను అక్షరరూపము, నడుమ కంటికి కనబడని విభాజకపు గుర్తుతో గూడి, ఐఫోనులను స్తంభింపజేసిన వార్త తెలుగువారెల్లరు విన్నదే. ఆపిల్ సంస్థ అదే నెల 19వ తేదీన సవరణ ప్రకటించినది. ఆ దోషము అక్షరములను సంయుక్తముగా తెరపై చిత్రించు భాగమునకు సంబంధించినది. దానిని ఇచ్చట చర్చించు దోషమునకు ఉదాహరణముగా చూపుట పొరబాటు. అది ఫోనును ఆపినది గనుక లోకమెల్ల వినినది, వెంటనే సవరింపబడినది. రామ తరువాత రాముడు రాకపోయినంత మాత్రమున ఏ ఫోనును ఆగదు.

సవరణ మార్గములు లేకపోలేదు. క్యార్ నంతటిని ఋణరహితముగా భావింపుమని కంపైలరునకు ఆజ్ఞాపింపవచ్చును. గ్నూ కంపైలరులో అట్టి యేర్పాటు గలదు. కాని ఆ ఆజ్ఞ ప్రోగ్రాము పాఠములో గాక దానిని నిర్మించు సామగ్రిలో నుండును. పాఠము మఱొకరి చేతికి పోయిననాడు ఆజ్ఞ వెంట పోదు. అదే కంపైలరు క్యార్ ను పట్టిక వరుస సంఖ్యగా వాడినచో హెచ్చరికయు జేయును. 176తో పోల్చు పరీక్ష ఎన్నటికిని నిజము కాదని కొన్ని కంపైలర్లు పసిగట్టగలవు. క్రమము చెడు మాక్రోను మాత్రము హెచ్చరికలు పట్టజాలవు. అందు భాషానియమము ప్రకారము అక్రమమేమియు లేదు.

మేలైన మార్గము మాక్రోను విడిచి, అదే పనిని ప్రక్రియగా వ్రాసి, దాని ద్వారమున ఋణరహిత క్యార్ అని రకమును ప్రకటించుట. అపుడు ఋణ 32తో వచ్చిన అక్షరము ద్వారము దాటగానే 224గా మారును. ఋణ 80 వచ్చి 176 అగును. తెలుగా యను పరీక్ష ఏ యంత్రముపైనైనను ఔననును. ఆ ప్రకటనయే సీ ఆదేశమునకు లేక పోయిన నిమిత్తము. మాక్రోల ప్రాబల్యమునకు పూర్వకారణము వేగము. ప్రక్రియను పిలిచి తిరిగివచ్చు వ్యయము పీడీపీ-11 నాటికి భారమే. 1999 నాటి ప్రమాణము ప్రక్రియ పాఠమును పిలిచినచోటనే నిలుపు ఇన్‌లైన్ అను ఏర్పాటును చేర్చిన పిమ్మట ఆ కారణము చాలవఱకు పోయినది. అయినను పాత మాక్రోలు శీర్షపత్రములలో అట్లే యున్నవి. క్రొత్తవారు వానిని చూచి క్రొత్తవి వ్రాయుచున్నారు. వానిని పరీక్షించుటకు ఇంగ్లీషు పేర్ల పట్టీతో బాటు రామ, రాముడు, రామ రావు, రామయ్య అను నాలుగు పేర్లును, రెండు లిపులలో గబ్బూరును చేర్చి, ఇంటెల్ యంత్రముపై నొకసారియు, లైనక్సు నడచు ఏఆర్ఎమ్ యంత్రముపై నొకసారియు నడిపి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన బెట్టి చూచిన చాలును.